కొనలు కలవని ముగ్గు

మా అత్తగారు నన్ను తిట్టడానికి చైనా పళ్ళు వాడేవారు. పై వరస, కింది వరస రెండూ అనంతపురంలో చీనా డాక్టరు కట్టినవే. అవి రాకముందు కూడా ఆవిడ తిట్టేవారు గాని, చిగుళ్ళ మీద నుంచి మాటలు జారిపోయి సగం నా దాకా వచ్చేవి కావు. పళ్ళు వచ్చాక ఒక్క మాట వృథా కాలేదు. చారులో పులుపు తక్కువైందనీ, నీళ్ళ బాన మీద మూత వంకరగా పెట్టాననీ, మద్రాసులో బీ.ఏ. చదివిన కోడలికి చెంబెడు నీళ్ళతో అయ్యే పని బిందెడుతో గాని కాదనీ, అంతా విడివిడిగా, స్పష్టంగా వినపడేది. దగ్గరుండి ఆ పళ్ళు కట్టించింది నేనే కాబట్టి ఎవరితో చెప్పుకోవడానికీ వీల్లేదు.

ఆవిడ పేరు హనుమక్క. ఒక్కగానొక్క కొడుకు నరసింహప్ప, అంటే మా ఆయన, కలెక్టరాఫీసులో గుమాస్తా. పాతవూళ్ళో మా ఇల్లు. మాకు పిల్లల్లేరు. పందొమ్మిది వందల యాభై ఎనిమిది వేసవిలో ఆవిడకు మిగిలిన ఆఖరి పన్ను కూడా ఊడింది. జొన్నరొట్టె కొరకలేని బతుకు ఏం బతుకని మంచం పట్టారు. మా ఆయన బుడేన్ సాబ్ జట్కా మాట్లాడి మా ఇద్దరినీ చీనా డాక్టరు దగ్గరికి పంపించారు.

డాక్టరు పేరు లియూ. ఊళ్ళో ఆ పేరు ఎవరూ వాడేవాళ్ళు కాదు. బజార్లో చిన్న గది, పైన ఎర్రటి చిగుళ్ళతో పెద్ద పళ్ళ వరస బొమ్మ వేసిన బోర్డు, లోపల ఒక కుర్చీ, కుర్చీ వెనక పూల తెర. మా అత్తగారి నోట్లో మైనం ముద్ద పెట్టి, "అవ్వా, కదలొద్దు. మాట్లాడొద్దు," అన్నాడాయన. పెళ్ళయి ఇరవై ఏళ్ళయింది, ఆవిడతో ఆ రెండో మాట అన్నవాణ్ణి నేను చూడలేదు. ఆయన మీద చాలా గౌరవం కలిగింది. ఇక కొంతసేపు నా అవసరం ఎవరికీ ఉండదని తోచి, తాగడానికి నీళ్ళు అడిగే నెపంతో తెర వెనక్కి పోయాను.

వెనక చిన్న పెరడు. నల్లటి కడప బండ ఒకటి పరిచి ఉంది. దాని పక్కన డాక్టరు భార్య గొంతుక్కూర్చుని, గిన్నెలో నీళ్ళు పెట్టుకుని, లావుపాటి కుంచె ముంచి బండ మీద ఏదో రాస్తోంది. నాలుగో అక్షరం రాసేసరికి మొదటిది మాయమవుతోంది. ఆమె అయిదోది రాసింది. రెండోది పోయింది. ఆమెకు అదేం పట్టినట్టు లేదు.

"ఏం రాస్తాండావమ్మా?" అన్నాను.

"మా ఊరి అక్షరాలు," అంది తలెత్తకుండా. "రాయకుంటే చెయ్యి మర్చిపోతాది."

"అన్నీ ఆరిపోతాండాయి కదా."

"మీ ఊరి ఎండ అట్లాంటిది. మా ఊర్లో అయితే రాసింది ఆరేలోపల వాన వస్తాది."

ఆమె తెలుగు అచ్చం మా బజారు తెలుగే. పేరు లాన్. మా వాళ్ళు చివర ఒక అమ్మను తగిలించి లానమ్మను చేశారు. చైనాలో ఏదో పెద్ద ఏటి ఒడ్డున ఊరు వాళ్ళది. చిన్నప్పుడు బడికి పోయి, చదువుకున్నవాళ్ళు మాట్లాడే భాష నేర్చుకుందట. దాన్ని మాండరిన్ అంటారని నాకు మద్రాసు చదువు వల్ల తెలుసు. ఇంట్లో భర్తతో మాట్లాడేది ఊరి యాస, చదువుకునేది ఆ భాష. మా ఇంట్లోనూ అంతే కదా అనిపించింది.

"నాకొకటి నేర్పిస్తావా?" అన్నాను.

ఆమె నన్ను కిందినుంచి పైదాకా చూసింది. నలభై రెండేళ్ళ మనిషిని. మోకాళ్ళ దగ్గర ముగ్గుపిండి మరక. "మీకెందుకక్కా?" అంది.

బీ.ఏ. పట్టా పెట్టెలో పట్టుచీర కింద ఉంది. దాని తర్వాత నేను కొత్తగా నేర్చుకున్నదల్లా మా అత్తగారి కోపాల్లో రకాలు. ఇంకోటి నేర్చుకోవాలని ఉందని, ఎందుకూ పనికిరానిదైతే మరీ మంచిదని ఒక పరాయి మనిషికి ఎలా చెప్పడం? కుంచె కోసం చెయ్యి చాపాను. ఆమె ఇచ్చింది.

మొదటి అక్షరం మనిషి. ఒకదానికొకటి ఆనుకున్న రెండు గీతలు. ఎడమ గీత ముందు, కుడి గీత తర్వాత. నేను రాసి, అలవాటు కొద్దీ కింద రెండు కొనలనూ కలిపేశాను. ఇరవై ఏళ్ళుగా రోజూ వాకిట్లో ముగ్గేసిన చెయ్యి. ముగ్గులో గీత కొన విడిచిపెట్టకూడదు, విడిచిన చోటి నుంచి చెడు ఇంట్లోకి వస్తుందని మా అత్తగారు నేర్పారు. లానమ్మ కుంచె కాడతో నా మణికట్టు మీద కొట్టింది.

"తలుపులెందుకు మూస్తాండావక్కా? మనిషి ఊపిరాడక చస్తాడు. గాలి రానీ."

తెర అవతల నుంచి మా అత్తగారు మైనం నోటితో ఏదో అన్నారు. మేమిద్దరం నవ్వాం.

కట్టుడు పళ్ళు ఒక్క పూటలో అయ్యేవి కావు. మైనం అచ్చు, తర్వాత సున్నం ముద్ద లాంటిదానితో ఇంకో అచ్చు, పెట్టి చూడ్డం, తీసి అరగదీయడం. ప్రతిసారీ నేను తెర వెనకే. పళ్ళు పూర్తయిపోయి మా అత్తగారు రొట్టె కొరికిన రోజు ఇంటిల్లిపాదీ సంతోషించారు, నేను తప్ప. ఆ రాత్రి బాగా ఆలోచించి, మర్నాడు ఆవిడ ముందు కూర్చుని, "అత్తా, ఎడమపక్క కొంచెం ఎత్తుగా ఉన్నట్టుండాది. నవ్వినప్పుడు తెలుస్తాండాది," అన్నాను.

"నేను యాడ నవ్వినా?"

"అందుకే ఎవరూ కనిపెట్టలే."

ఆవిడ అద్దం తెప్పించుకుని చూశారు. బుడేన్ సాబ్ జట్కా మళ్ళీ వచ్చింది. ఆ తర్వాత కుడిపక్క ఎత్తయింది. ఆ తర్వాత ముందు పన్ను కొంచెం వంకర. డాక్టరు మంచివాడు; ప్రతిసారీ పళ్ళను చేతిలోకి తీసుకుని, వెలుతురుకు పట్టి, ఏ లోపమూ కనిపించక, మర్యాద కోసం కొంచెం రుద్ది ఇచ్చేవాడు. ఆ రుద్దేసేపట్లో నేను రెండు మూడు అక్షరాలు నేర్చుకునేదాన్ని.

ఇంట్లో సాధన చేయడానికి వంటింటి గట్టు ఉంది. పలకడం మాత్రం రహస్యంగా జరిగే పని కాదు. ఒకే మాటను పైకి లేపి ఒకసారి, కిందికి దించి ఒకసారి పలకాలి. లేపాల్సిన చోట దించితే ఇంకేదో అర్థం వస్తుంది. పోపు చిటపటల్లో పలుకుతుంటే మా ఆయన పేపరు దించి, "ఏందే, సంగీతమా?" అనేవారు. చైనా భాష అన్నాను. "సరేలే, కూర మాడకుండా నేర్చుకో," అన్నారు. అప్పట్లో ఆ దేశమంటే ఊళ్ళో ఎవరికీ కోపం లేదు. మా అత్తగారే, "రాగంతో పనేముండాది, ఆయమ్మ నీళ్ళతో రాయిస్తాండాది నీతో. ఈ ఊర్లో నీళ్ళతో రాసే మనిషిని యాడన్నా చూసినామా?" అని చైనా పళ్ళు కొరికారు.

అక్షరాలన్నిట్లోనూ నాకు నచ్చినది 'రావడం' అనే అక్షరం. అడ్డంగా ఒక గీత. దాని కింద ఇటొక మనిషి, అటొక మనిషి. ఆ తర్వాతే నిలువు గీత, చెట్టు మొదలు లాగా వాళ్ళిద్దరి మధ్య నుంచి దిగుతుంది. చివర రెండు పక్కలా కిందికి జారే కొమ్మలు. నేను ముందు చెట్టు రాసి తర్వాత మనుషుల్ని కూర్చోబెడితే లానమ్మ ఒప్పుకునేది కాదు.

"మనుషులు కూర్చోవాల. ఆ తర్వాతే చెట్టు."

"చెట్టు లేకుంటే మనుషులెందుకు కూర్చుంటారమ్మా?"

"ఒకరికోసం ఒకరు," అంది.

మాలో ఎవరూ పోతానని చెప్పరని, పోయొస్తా అంటారని ఆమెకు తెలుసు. ప్రతిసారీ నేను తెర దాటుతుంటే "పోయిరాక్కా" అని, ఆ అక్షరాన్ని బండ మీద తడిగా ఒకసారి రాసి చూపించేది. జట్కా ఎక్కేసరికి అది ఆరిపోయి ఉంటుందని నాకు తెలుసు. అయినా వెనక్కి తిరిగి చూసేదాన్ని.

ఒకసారి ఏరు చూపించమని అడిగింది. మా పండమేరు చూపించడానికి తీసుకుపోయాను. బుడేన్ సాబ్ బండి ఆపాడు. ఆమె దిగి అటూ ఇటూ చూసి, "ఏరు యాడక్కా?" అంది.

"ఇదే."

ఇసుక. అటు గట్టు దాకా ఇసుకే. ఆమె నవ్వుతుందనుకున్నాను. చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్ళు చేత్తో కొంచెం పైకి పట్టుకుని, మెల్లగా పాదాలు తడుముకుంటూ అవతలి గట్టు దాకా నడిచింది. అలాగే వెనక్కి వచ్చింది. జట్కా ఎక్కాక కూడా కుచ్చిళ్ళు వదల్లేదు. నా దగ్గర ఆమెకు ఇవ్వడానికి ఒక్క నీటి చుక్క కూడా లేనట్టు సిగ్గేసింది.

అరవై రెండులో సరిహద్దు మీద యుద్ధం వచ్చింది. ఎవరో బోర్డు మీది పళ్ళకు తారు పూశారు. కుర్చీ ఖాళీ అయింది. పోలీసులు వచ్చి వాళ్ళ పేర్లు రాసుకుని ఊరు దాటవద్దని చెప్పిపోయారట. మా వీధి ఆడవాళ్ళు యుద్ధ నిధికి గాజులు, ఉంగరాలు ఇస్తుంటే మా అత్తగారు అందరి ముందూ పళ్ళు తీసి పాత వక్కపొడి డబ్బాలో పెట్టి మూతేశారు. "మీరు బంగారు ఇచ్చినారు. నేను రొట్టె ఇడిసినా," అన్నారు. చిగుళ్ళతో అన్నందువల్ల చాలామందికి అర్థం కాలేదు గాని, అందరూ మెచ్చుకున్నారు. ఆ డబ్బా అటక ఎక్కింది.

ఆ సాయంత్రమే మా ఆయన, నా వైపు చూడకుండా, "ఆఫీసులో అడుగుతాండారు, మీ ఇంటామె చీనావాళ్ళింటికి పోతాదంట కదా అని. ఇంగ పోవద్దు," అన్నారు. మా అత్తగారు అంత మెత్తగా చెప్పలేదు. "ఆ గడప తొక్కితే ఈ గడప మర్చిపో," అన్నారు. పళ్ళు లేకపోయినా ఆ మాట మాత్రం స్పష్టంగానే వినపడింది.

నేను పోలేదు. వంటింటి గట్టు మీద రాసుకుంటూ ఉండేదాన్ని. ఆరిపోతూ ఉండేవి.

మరుసటి ఏడు వేసవిలో ఒక సాయంత్రం బుడేన్ సాబ్ వాకిట్లో నిలబడి, మా అత్తగారు పెరట్లో ఉన్నారని చూసుకుని గొంతు తగ్గించాడు. "అమ్మా, డాక్టరు వాళ్ళు పోతాండారు. మద్రాసులో వాళ్ళ దేశం ఓడ వచ్చిందంట. పొద్దున రైలుకు. నా జట్కాలోనే. మీ వీధి మీదే పోవాల."

"ఎట్లుండాదప్పా లానమ్మ?"

"ఏముంటాదమ్మా. సామాను కట్టుకుంటాండాది. ఒక్క మాట అడిగినాది, అక్క బాగుండాదా అని. పలకరించే మనిషి లేక ఎన్ని నెల్లాయనో. చిల్లరంగట్లో ఉప్పు గూడా ఇయ్యలే ఒకరోజు."

ఆ రాత్రి నాకు ఒకటే ఆలోచన. ఇన్నేళ్ళు ఈ ఊళ్ళో ఉండి, వాళ్ళాయన ఇంతమంది నోళ్ళలో పళ్ళు నిలబెట్టాక, పొమ్మన్న మాట తప్ప ఇంకో మాట వినకుండా ఆమె ఓడ ఎక్కకూడదు. ఈ ఊళ్ళో ఒక్కరైనా రమ్మన్నారని తెలిసి పోవాలి. వీధిలోకి వచ్చి చెప్పడానికి లేదు. నోటితో చెప్పడానికి లేదు. కానీ పొద్దున్నే ఇంటి ముందు ముగ్గేయడానికి నాకు ఎవరి అనుమతీ అక్కర్లేదు.

చీకటి పలచబడుతుండగా నీళ్ళు చల్లాను. చుక్కలు పెట్టాను, మూలల్లో రెండు తామరపూలు వేశాను, చూసేవాళ్ళకు ముగ్గులాగే ఉండటానికి. మధ్యలో చాప పరిచినంత పెద్దగా, వీధిలో పోయేవాళ్ళకు నేరుగా కనపడేట్టు 'రావడం' అక్షరం వేశాను. ముందు అడ్డగీత. ఇటొక మనిషి, అటొక మనిషి. ఆ తర్వాతే చెట్టు. ముగ్గుపిండితో గీసినా కుంచెతో రాసినట్టే, మొదట లావుగా పట్టి చివర సన్నగా జార్చాను. ఒక్క కొన కూడా కలపలేదు. చెయ్యి కలపాలని లాగుతూనే ఉంది. ఆపుకున్నాను. లేచి నిలబడి చూసుకుంటే, నా జీవితంలో అంత చక్కగా రాసింది ఇంకొకటి లేదనిపించింది. బీ.ఏ. పరీక్షలో కూడా.

పాలు పొయ్యి మీద పెట్టడానికి లోపలికి పోయాను. అవి పొంగి దించేసరికి గుర్రం గిట్టల చప్పుడు వీధి మలుపులో వినిపించింది. కిటికీ దగ్గరికి పరుగెత్తాను.

గడప మీద మా అత్తగారు నిలబడి ఉన్నారు, చేతికంటిన ముగ్గుపిండిని కొంగుకు తుడుచుకుంటూ. కింద నా అక్షరం లేదు. కొనలన్నీ కలిసిపోయాయి. ఇద్దరు మనుషులూ రెండు రెక్కల్లో మూసుకుపోయారు. కొమ్మలు గుండ్రంగా తిరిగి చెట్టు మొదట్లో కలిశాయి. ప్రతి ఇంటి ముందూ ఉండే పువ్వు అది, అంతే.

జట్కా మా ఇంటి ముందుకు వచ్చి ఆగింది. డాక్టరు తల వంచుకుని ఉన్నాడు. లానమ్మ వంగి ముగ్గు వైపు చూసింది. చాలాసేపే చూసింది. పెదవులు కదిలాయి. మా అత్తగారేదో జవాబు చెప్పారు. కిటికీ దాకా మాటలు రాలేదు. ఆమె ఇంకోసారి ముగ్గు చూసి, బుడేన్ సాబ్ భుజం మీద తట్టింది. జట్కా కదిలింది.

"ముగ్గు అట్ల కొనలిడిసి పెడతారా ఎవరన్నా?" అంటూ మా అత్తగారు లోపలికి వచ్చారు. "తెల్లారి ఇంటి ముందర ఏం శకునమది? నేను చూసినా కాబట్టి సరిపోయింది. కలిపినా."

"ఏమడిగింది అత్తా, లానమ్మ?"

"పండ్లు బాగుండాయా అవ్వా అన్నాది. బాగుండాయమ్మా అన్నా."

"మీరు పెట్టుకోవట్లేదు కదా."

"డబ్బాలో బాగుండాయి కదా."

నేను పాలగిన్నె కడుక్కున్నాను. ఆవిడ ఆచారం ఆవిడది. తెలియక చేసిన పనికి ఏమంటాం? ఇన్నేళ్ళూ నాకు నేర్పిందే ఆవిడ చేశారు. ఆ మాట నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. చెప్పుకున్న ప్రతిసారీ జట్కాలోంచి వంగిన ఆ ముఖం కనపడేది. ఎన్నో ఇళ్ళ ముందు ఎన్నో ముగ్గులు దాటి పోయింది కదా, మా ఇంటి ముందు బండి ఎందుకు ఆపించింది?

తర్వాత మూడేళ్ళకు వచ్చిన కరువు సంగతి ఈ జిల్లాలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. బావి అడుగు కనపడింది. మునిసిపాలిటీ బండి వీధి చివర ఆగితే బిందెలు కొట్టుకునేవి. వరన్నం పండగకు కూడా లేదు, కొర్రలే. నేను కొర్రలు కడిగిన నీళ్ళను పారబోయకుండా, మధ్యాహ్నం పూట వసారాలో నల్ల బండ మీద వాటితోనే రాసేదాన్ని. పాతగుడ్డను పుల్లకు చుట్టుకున్నదే నా కుంచె. నేర్పేవాళ్ళు పోయాక అక్షరాలు కూడా ఒక్కొక్కటే పోతున్నాయి. నిన్న వచ్చింది ఈరోజు రాదు. సగం గీసి, మిగతా గీతలు ఎటు పోవాలో తెలియక, ఆ సగాన్నే చూస్తూ కూర్చునేదాన్ని. ఆ వేసవిలో మా అత్తగారు నన్ను నీళ్ళ గురించి ఒక్క మాట అనలేదు. ఆవిడ బాగా నీరసించారు. పక్కన చాప మీద పడుకుని నా చెయ్యి కదలడం చూస్తుండేవారు.

ఒకరోజు లేచి కూర్చున్నారు. కొర్రనీళ్ళలో గంజి ఉంటుంది కదా, ఆరినా సన్నటి తెల్లటి గీత మిగులుతుంది. నేను రాసిన వాటిలో ఒకటి ఆరి, తెల్లగా, బండ మీద నిలిచిపోయింది. అడ్డగీత, ఇద్దరు మనుషులు, చెట్టు.

"ఇది ఆ పొద్దుటిది," అన్నారు.

నేను కుంచె ఆపాను. "ఏ పొద్దు అత్తా?"

"గమ్మునుండు. తెలీనట్ల అడగొద్దు." కాసేపు ఆ గీతల్నే చూశారు. "నేను కూడా తెలీనట్ల ఉండినా. అది ముగ్గు కాదని నాకు తెలుసు. తెల్లారే నువ్వు ఏస్తాండంగా తలుపు సందులో నుంచి చూసినా. ఏమని రాసినావో తెలీదు. రాసినావని తెలుసు. నువ్వు లోపలికి పోయినాక కలిపినా."

వీధిలో ఎవరో ఖాళీ బిందె ఈడ్చుకుంటూ పోతున్నారు. ఆ చప్పుడు పోయేదాకా ఆగారు.

"ఆయమ్మ పండ్ల గురించి అడగలే. 'అవ్వా, ఈ ముగ్గు ఎవరేసినారు?' అన్నాది. 'నేనే' అని చెప్పినా."

నా చేతిలోంచి పుల్ల జారి గిన్నెలో పడింది. అంటే ఆమె కనిపెట్టింది. మూసేసిన తలుపుల వెనక ఎవరో ఉన్నారని పోల్చుకుని, ఉన్నారా అని అడిగింది. లేరని చెప్పించుకుని ఓడ ఎక్కింది.

"ఎందుకత్తా?" అన్నాను.

"నోట్లో మైనం పెట్టుకుని ఆ కుర్చీలో కూర్చోనుంటే తెర ఎనక నవ్వేదానివి. ఆ నవ్వు నా ఇంట్లో ఒక్కపొద్దన్నా ఇన్నానా? ఇరవై ఏండ్లు." ఊపిరి తీసుకున్నారు. "పండ్లు మొదటి దినమే సరిపోయినాయి నాకు. ఎడమపక్క ఎత్తంట, కుడిపక్క ఎత్తంట. నాకు తెలీదనుకున్నావా? ఆ నవ్వు ఇనేదానికి నేనూ జట్కా ఎక్కినా. మళ్ళ ఇంటికొచ్చినాక అదే గుర్తొచ్చి మండేది."

ఇన్నేళ్ళూ ఆవిడను నేనే మాయచేసి జట్కా ఎక్కించాననుకున్నాను.

"అటక మీద డబ్బా దించు," అన్నారు.

"ఏ డబ్బా?"

"వక్కపొడి డబ్బా. కడిగి తీసుకురా. చెంబెడు నీళ్ళు పోసి బాగా కడుగు."

చెంబెడు నీళ్ళు అని ఆవిడే అన్నారు, ఆ కరువులో. దించి, కడిగి, తెచ్చి చేతికిచ్చాను. ఆవిడ పై వరస పెట్టుకున్నారు, కింది వరస పెట్టుకున్నారు. చిగుళ్ళు అరిగిపోయాయి, పళ్ళు వదులై జారుతున్నాయి. ఈసారి నిజంగానే ఎడమపక్క ఎత్తుగా ఉంది. నేనా మాట అనలేదు. కింది వరసను వేలితో అదిమి పట్టుకుని నా వైపు తిరిగారు.

"ఇవి లేకుండా అంటే నీకు సగమే ఇనపడతాది," అన్నారు. "ఆ పొద్దు నేను చేసింది తప్పు, సుబ్బరత్నా."